పచ్చ రుమాల్ లష్కర్

నందికొండ, పైలాన్ కాలనీ.
7-3-1999, ఆదివారం.

చిరంజీవి ఎస్తేరుకు నీ బాపు ఇస్రాయేలు దీవించి రాయునది ఏమనగా,

ఈడ నేను, మీ అమ్మ సైదమ్మ ప్రభువు దయవల్ల పానాలతోటి ఉన్నం. నువ్వు గూడ ఆ హాస్టల్ల సల్లగ ఉండాలె. అందరం క్షేమం అని రాసుడు ఆనవాయితి గని నేను క్షేమంగ లేను. నాకు కోపమొచ్చింది. కోపం తగ్గినంక రాద్దామని మూడు రోజులు ఆగిన. తగ్గలె, ఇంకింత పెరిగింది. అందుకే ఇయ్యాల చర్చికెళ్లి వచ్చి, అంగీ గూడ ఇప్పకుండ కూసొని రాస్తున్న. ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువు. పోయినసారి నా ఉత్తరం నీ రూముల పిల్లలకు చదివి వినిపిస్తె, మీ బాపు మస్తు నవ్విస్తడే అన్నరని రాసినవు. ఈసారి నవ్వే ముచ్చట లేదు.

ముందుగాల నీ చదువు సంగతి. జనవరిల నువ్వు రాసిన ఉత్తరం నా దగ్గర్నే ఉంది. ఎం.సి.ఏ. ఆఖరి ఆర్నెల్లు ప్రాజెక్టు చెయ్యాలని, నీ తోటి పిల్లలంత జీతాల లెక్కలు, లైబ్రరీ పుస్తకాల లెక్కలు తీసుకున్నరని, నువ్వు మాత్రం కంప్యూటర్ గేమ్స్ తయారుచేసుడు తీసుకున్నవని రాసినవు. యూనివర్సిటీ మొత్తంల గది చెప్పే సారు ఒక్కడే ఉన్నడట, ఆయన కింద చేరింది నువ్వొక్కదానివేనట. ఒక్కదానివే అని చెప్పుకునుడు గొప్పనా బిడ్డా? కాలువల ఎవడన్న ఒక్కడే దిగితె మేం కేకేసి బయటికి గుంజుతం.

నేను గా ఉత్తరం చదివిపెడితె మీ అమ్మకు గేమ్స్ అన్న మాట ఒక్కటే చెవులవడ్డది. బడిల గేమ్స్ పీరియడ్ ఉంటది గద, గదే అనుకున్నది. మా బిడ్డ యూనివర్సిటీల గేమ్స్ చదువుతాంది, డ్రిల్ టీచర్ అయితది, సర్కారు నౌకరి అని కాలనీ అంత చెప్పుకొచ్చింది. మొన్న ఫిబ్రవరిల పాస్టరుగారు లేచి నిలబడి, మన ఎస్తేరు ఉరుకుడు పందెంల గెలవాలె, దాని మోకాళ్లకు బలమియ్యి ప్రభువా అని పావుగంట ప్రార్థన చేసిండు. ఆమెన్ అన్నోళ్లల్ల నేను గూడ ఉన్న. ఏం చెయ్యాలె మరి, నడుమల లేచి మోకాళ్లు కాదు పాస్టరుగారూ, కంప్యూటరు అని చెప్పాల్నా? పక్కింటి అండాలు ఇప్పటికీ నీ బూట్ల సైజు ఎంత అని అడుగుతాంది. అసలు నొప్పులున్నయి మీ అమ్మ మోకాళ్లకు. ప్రార్థన నీ దిక్కు పోయింది, నొప్పి ఈడనే ఉంది.

నాకు సంగతి తెలుసుకోవాలని ఉండె. మా జూనియర్ ఇంజనీరు సారు కొడుకు గూడ కంప్యూటరే చదివిండు గద, పోయి ఆయన్ను అడిగిన. రెండువేల సంవత్సరం రాంగనే కంప్యూటర్లన్ని తారీఖు మర్చిపోతయట. దాన్ని బాగుచేసెటోళ్లకు గిప్పుడు యాడవడితె ఆడ నౌకర్లట, వాళ్ల పిలగాడు దాంట్లనే చేరిండట. మరి ఆటలు తయారుచేసుడు నేర్చుకున్నోళ్లకు ఏం నౌకరి సారూ అని అడిగిన. ఆయన నవ్విండు. ఆటలు ఆడుకునేటియి గని చదువుకునేటియి గావు ఇస్రాయేలు, మీ పిల్లకు తెలివుంది గని చెప్పెటోడు లేడు అన్నడు.

చెప్పెటోడు లేడు అంటె ఎవలు లేనట్టు బిడ్డా? నేను లేనట్టు. మా నాయిన ఒకలింట్ల జీతమున్నడు. నేను పదిహేనేండ్లకే ఈ డ్యాం పనికి తట్ట మోసిన. కాలువ తూములు తిప్పే లష్కర్ నౌకరి దొరికిననాడు మా అవ్వ నా ఖాకీ అంగీని పెండ్లి బట్టల లెక్క మడిచి పెట్టింది. ఆడుకుందామంటె మా ఇంట్ల ఎవ్వలకు తీరిక దొరకలె. నువ్వు ఒక్కదానివి కాలేజి మెట్లెక్కినవు. నిన్ను ఆ మెట్లెక్కియ్యనీకి నేను ఎవలెవలి గడపల ముంగట నిలబడ్డనో నీకు తెల్వదు. డిగ్రీ ఆఖరి పరీక్షనాడు బస్సులు బందైతె కృష్ణయ్య పటేలు ఇంటికి వోయి, అరుగు కింద నిలబడి, జీపు అడుక్కొచ్చిన. ఇంత చేసింది నువ్వు ఆటబొమ్మలు చేస్తవనా?

నువ్వేమో ఇంకో ఉత్తరంల, బాపూ, గిది ప్రపంచంల సినిమాకంటె పెద్ద యాపారం కాబోతాంది అని రాసినవు. మన కాలనీల సినిమా టాకీసే నడుస్తలేదు, దానికంటె పెద్దగయి ఏం చేస్తది? హైదరాబాద్ల ఎవలో పన్నెండు మంది కలిసి పెట్టిన కంపెనీ ఉందట, బయటి దేశమోళ్లకు ఆటలు చేసిస్తరట. ఇరువయ్యో తారీఖునాడు నువ్వు చేసిన ఆట వాళ్లకు చూపెట్టాల్నట, నచ్చితె పరీక్షలు కాంగనే నౌకరట. పన్నెండు మంది అంటె మా సెక్షన్ల లష్కర్లకంటె తక్కువ. రేపు వాళ్లు తలుపుకు తాళమేసుకొని పోతె ఏ ఆఫీసు ముంగట ధర్నా చేస్తవు? పింఛను ఉంటదా? పింఛను సంగతి వాళ్లను అడగనేలేదని రాసినవు. అడగాలె బిడ్డా. నవ్వితె నవ్వనీ.

అయినా సరే. నౌకరి వస్తదో రాదో గది మల్ల కొట్లాడుకుందాం. గింత దాంక నాకొచ్చింది మామూలు కోపం, తండ్రులందరికి వచ్చేటిది. అసలుది నువ్వు ఫ్లాపీ పంపినంక వచ్చింది.

రెండు అట్టముక్కల నడుమ పెట్టి పంపినవు. దాంతోటి ఒక చీటి. బాపూ, ఈ ఆట నీ గురించే, దీంట్ల మంచి లష్కర్‌వు నువ్వే అని. మొన్న గురువారం డ్యూటీ దిగి నేరుగ వహీద్ దగ్గరికి వోయిన. నా జోడి లష్కర్ మన నూరుద్దీన్ పెద్దకొడుకు వహీద్, బస్టాండు ఎదురుంగ టైపు సెంటర్ పెట్టిండు గద, దాంట్లనే ఒక మూలకు కంప్యూటర్ పెట్టిండు గిప్పుడు. పిలగాడు ఎంత సంబురపడ్డడో. మా ఎస్తేరు చేసిందా అని కుర్చీ తుడిచి నన్ను కూసోబెట్టి, తను నిలబడి, ఏ బటన్ ఒత్తితె ఏమయితదో చూపెట్టిండు.

పేరు వచ్చింది, నీళ్ల వంతు అని. కాలువ వచ్చింది, తూము వచ్చింది, దానెంబడి మళ్లు వచ్చినయి. ఖాకీ అంగీ తొడుక్కొని ఒక లష్కర్ బొమ్మ నడుచుకుంట వచ్చింది. దాని కింద ఇంగ్లీషు అక్షరాలల్ల బాపు అని రాసి ఉంది. దాచుకుంటె ఏమొస్తది, నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి. మామా నువ్వే, నడక గూడ నీదే అని వహీద్ నా భుజం మీద చెయ్యేసిండు. నేను బటన్ ఒత్తుకుంట ఒక్కో మడికి వంతు ప్రకారం నీళ్లిచ్చుకుంట పోయిన. బాగనే ఉంది అనిపించింది. అబద్ధమెందుకు, మస్తు అనిపించింది.

గప్పుడు ఇంకో బొమ్మ వచ్చింది. తలకు పచ్చ రుమాల్. మడ్‌గార్డ్ లేని సైకిల్, దానికి గొడుగు కట్టి ఉంది. సైకిల్ దిగి ఎడమ కాలు జర గుంజుకుంట నడిచి, తూము కాడి హ్యాండిల్ తీస్కొని, పటేలు పొలానికి నీళ్లు ఇడిచింది. చివర మళ్లు ఎండి పసుపుపచ్చగయినయి. దొంగ లష్కర్ అని ఎర్ర అక్షరాలు పడ్డయి.

వహీద్ చెయ్యి నా భుజం మీదికెళ్లి లేచింది.

“మామా, గది మా అబ్బా రుమాల్ గద” అన్నడు.

గంతే అన్నడు. కంప్యూటర్ బందు పెట్టిండు. ఫ్లాపీ తీసి, అంగీ కొసతోటి తుడిచి, అట్టల నడుమ పెట్టి నా చేతికిచ్చిండు. నేను లేచి వస్తాంటె మెట్ల దాంక గూడ వచ్చిండు, జాగ్రత్త మామా, మెట్టు విరిగింది అన్నడు. తిడితె బాగుండు. తిట్టలె.

ఎస్తేరూ, నీకు రంగులు దొరకలేదా? కంప్యూటర్ల లక్షల రంగులున్నయని నువ్వే చెప్పినవు. ఎర్ర రుమాల్ దొరకలేదా, తెల్ల రుమాల్ దొరకలేదా? ఉన్నదున్నట్టు నూరుద్దీన్‌ను తెచ్చి దాంట్ల నిలబెట్టినవు. కాలు గూడ ఇడిచిపెట్టలేదు. ఆ కాలు మీద డ్యాం పనిల బండ పడ్డది, ఆనాడు ఆయన పక్కన తట్ట పట్టుకొని నిలబడ్డోణ్ని నేను.

ఆ సైకిల్‌కు మడ్‌గార్డ్ ఎందుకు లేదో యాదుందా? నువ్వు రెండో తరగతి. నాకు డ్యూటీ ఉండి నూరుద్దీన్ చిచ్చ నిన్ను ఎనుక కూసోబెట్టుకొని బడికి తీస్కపోతాండు. నీ కాలు చక్రానికి, మడ్‌గార్డ్‌కు నడుమ ఇరికింది. నువ్వు ఒర్రుతాంటె ఆయన కాలును గుంజలె, మడ్‌గార్డ్‌నే రెండు చేతులతోటి వంచి విరగ్గొట్టిండు. ఆయన అరచెయ్యి తెగి నెత్తురు కారింది, నీ కాలుకు గీత గూడ పడలె. మల్ల కొత్తది ఏపియ్యలేదు, ఎందుకు చిచ్చా అని నువ్వడిగితె, మల్ల ఎస్తేరు కాలు ఇరుకుతది అనేటోడు. గా సైకిల్‌ను నువ్వు దొంగ సైకిల్ చేసినవు. మీ అమ్మ దవాఖానల పడ్డప్పుడు ఇరువై రోజులు నువ్వు తిన్నది ఆయన ఇంటామె షంషాద్ చాచీ చేతి బువ్వ. కాలేజికి ఏసుకపోయిన మొదటి డ్రెస్సు కుట్టింది ఆమెనే. గా ఇంటోళ్ల కొడుకు ముంగట కూసొని నేను నీ ఆట ఆడిన. సిగ్గుతోటి సచ్చిపోయిన.

నువ్వు రాసిన చీటిల ఆట కానూన్లు ఉన్నయి. మూడోది చూసినవా, ఏం రాసినవో? వంతు తప్పి నీళ్లు పోతె, హ్యాండిల్ ఎవని చేతిల ఉంటె వాడే దొంగ. ఎవలు నేర్పిండ్రు నీకు గిది, ఆ యూనివర్సిటీ సారా? షట్టర్ తిప్పే హ్యాండిల్ అంటె ఏందో నీకు తెలుసు. చెయ్యంత పొడుగు ఇనుప కడ్డీ, అది లేకుంటె తూము కదలదు. డ్యూటీ మారినప్పుడల్ల రిజిస్టర్ల సంతకం పెట్టి తీసుకుంటం. గని రిజిస్టర్ల ఉన్నది సంతకం. చెయ్యి కాదు. పొద్దంత ఎన్ని చేతులు మారుతదో రిజిస్టర్‌కు ఏం తెలుస్తది?

ఇంకా చాన తప్పులున్నయి నీ ఆటల. నీళ్లు నీలం రంగుల పెట్టినవు. కాలువల నీళ్లు యాడ నీలంగున్నయే? వానకాలం ఎర్రగుంటయి, మిగిలిన దినాలు బురద రంగు. తూము తిప్పంగనే చివర మడికి నీళ్లు చేరుతాయా? పొద్దుగాల ఇడిస్తె పొద్దుగూకె యాల్లకు చేరితె అదృష్టం. ఒక్కపాలి షట్టర్ మొత్తం లేపినవు, కట్ట తెగిపోతది, గేజీ చూసుకుంట ఇంత ఇంత లేపాలె. నిన్ను నా ఎంబడి కాలువ మీద తిప్పిన దినాలన్ని గంగల కలిసినయి. గియన్ని నువ్వు దిద్దుకోవచ్చు. మడిసి మీద ఏసిన పేరు ఎట్ల దిద్దుతవు?

మూడేండ్ల కింద ఏమయిందో నీకు సగమే తెలుసు. తొమ్మిదో నంబరు తూము పట్టపగలు ఆరు గంటలు తెరిచి ఉంది. వారం వారం నీళ్ల వంతులేసే వారబందీ లెక్కల ఆ రోజు వంతు చివరాయకట్టుది. వరి పాలు పోసుకునే టైము, ఆఖరి తడి. నీళ్లన్ని కృష్ణయ్య పటేలు పొలంల పడ్డయి, చివరోళ్లకు చుక్క చేరలె. వాళ్లల్ల బాలనర్సమ్మ అని ఒకామె, మొగుడు లేడు, ఎకరం కౌలుకు చేసింది. పంట కోసినంక ఆమె మన ఆఫీసు ముంగట మూట ఇప్పి తాలు కుప్ప పోసింది. ఒక్క గట్టి గింజ ఉంటె చూపెట్టండి సారూ అన్నది. రిజిస్టర్ తీసి చూసిండ్రు. నూరుద్దీన్ సంతకం. ఆయనను అడిగితె ఏం మాట్లాడలె. ఏం మాట్లాడలేదంటె తప్పు ఒప్పుకున్నట్టే అని ఇంక్రిమెంట్ ఆపి, అమ్రాబాద్ దిక్కు చెరువు పనికి తోలిండ్రు. షంషాద్ చాచీ, పిల్లలు ఈడ. ఆయన ఆ అడివి పక్కన ఒక రేకుల రూముల. నెలకు ఒక్కపాలి వస్తడు, కొన్ని నెలలు అది గూడ రాడు.

నువ్వు అప్పుడు పరీక్షలల్ల ఉన్నవు. ఎవలో అన్నది విన్నవు, నమ్మినవు. కాలనీ అంత నమ్మింది. నువ్వు చూసినవా? చూసినోళ్లు ఎవలన్న ఉన్నరా? ఆనాడు తూము కాడ ఎవలున్నరో నాకే తెల్వదు, ముప్పై ఏండ్ల సంది ఆ కాలువ మీద తిరిగెటోణ్ని. చూడని దాన్ని ఎట్ల బొమ్మ గీసినవు?

ఇగ నేను చెప్పేది గట్టిగ విను. ఇరువయ్యో తారీఖు లోపల ఆ పచ్చ రుమాల్ తీసెయ్యాలె. సైకిల్ తీసెయ్యాలె. కాలు కుంటు తీసెయ్యాలె. మూడో కానూను కొట్టెయ్యాలె. అవి ఉండంగ ఆ ఆట ఎవ్వలకు చూపెట్టినా, ఆ కంపెనోళ్లు నిన్ను రాణి లెక్క కుర్చీల కూసోబెట్టినా, నాకు నచ్చదు. తియ్యనంటె నన్ను బాపు అని పిలువకు. ఆటల గూడ ఆ పేరు కొట్టెయ్యి.

మీ అమ్మ టైముకు తినమన్నది. ఉరుకుడు ఎక్కువ చెయ్యకు, ఎండలు ముదురుతున్నయి అని గూడ రాయమన్నది. నేను మల్ల చెప్పి చూసిన, ఆమెకు ఎక్కలె.

ఇట్లు,
కోపం తీరని నీ బాపు,
ఇస్రాయేలు, లష్కర్.

తా.క. 8-3-1999, సోమవారం.

పొద్దుగాల పోస్టు డబ్బ దాంక పోయి ఎయ్యకుండ వాపసు వచ్చిన. పైన రాసిందంత చింపేద్దామనుకున్న. చింపలె. మీ బాపు అబద్ధమాడితె ఎట్లుంటదో నీ దగ్గర కాయితం మీద ఉండాలె.

ఆనాడు తూము కాడ ఎవలున్నరో నాకు తెల్సు. నేనే ఉన్న.

ఆ ఏడు ఈస్టర్ పండుగకు నువ్వు నల్లగొండ కాలేజికెళ్లి ఇంటికి వచ్చినవు. మంగళారం పరీక్ష, మంగళారమే బస్సులు బందు. పరీక్ష వాయిదా పడలె. ఆ ఒక్క పేపరు పోతె నీకు ఏడాది పోతుండె, ఎం.సి.ఏ. సీటు పోతుండె. కృష్ణయ్య పటేలు జీపు ఇస్తనన్నడు, ఉట్టిగ ఇయ్యనన్నడు. జీపు నల్లగొండకు పోయి మర్లి వచ్చేదాంక తొమ్మిదో నంబరు తూము నా పొలానికి తెరిచి ఉండాలె అన్నడు. డ్యూటీ నూరుద్దీన్‌ది, హ్యాండిల్ ఆయన సంతకం మీద ఉంది. గ్రీజు పెట్టిస్త, జర ఇయ్యి అని తీసుకున్న. నా మాట మీద ఇచ్చిండు. మేం ఎప్పుడు గట్లనే ఇచ్చిపుచ్చుకుంటం.

తూము పక్క తొవ్వ మీదికెళ్లే జీపు పోయింది. నువ్వు ముందు సీట్ల పుస్తకం తెరుచుకొని కూసున్నవు. నన్ను చూసి చెయ్యి ఊపినవు. నేను ఊపలె. నా రెండు చేతులు హ్యాండిల్ మీదనే ఉన్నయి. చూసినవా అని నిన్న నిన్ను అడిగిన గద, చూసింది నువ్వొక్కదానివే బిడ్డా. నేను పని చేసుకుంటున్న అనుకున్నవు.

మధ్యాన్నం నూరుద్దీన్ హ్యాండిల్ కోసం వచ్చిండు. తూము చూసిండు, పటేలు పొలం చూసిండు, నన్ను చూసిండు. తొవ్వల జీపు ఆయనకు గూడ ఎదురయ్యే ఉంటది.

“పిల్ల పరీక్ష రాసిందా?” అన్నడు.

రాస్తాంది అన్న. ఆయన నా చేతిలకెళ్లి హ్యాండిల్ తీస్కొని తూము మూసిండు. దాని గురించి మా నడుమ గంతకంటె ఒక్క మాట కాలె, గీ మూడేండ్లల్ల. ఎంక్వైరీ అయిననాడు నేను గూడ ఆఫీసు వరండల నిలబడ్డ. ఆయన నా దిక్కు చూడలె, చూస్తె నేను చెప్పాల్సొస్తదని. రేపు చెప్త, రేపు చెప్త అనుకున్న. ఆయన పెట్టె సర్దుకొని బస్సెక్కిండు. నువ్వు పాసయినట్టు పేపర్ల నంబరు వచ్చిననాడు షంషాద్ చాచీ సేమియా చేసి పంపింది. ఆమెకు తెల్వదు. ఆ గిన్నె ఇంకా మన ఇంట్లనే ఉంది, వాపసు ఇచ్చేటందుకు నాకు మొఖం చాలలె. మీ అమ్మ గా గిన్నె బోర్లిచ్చి పెడ్తది, నేను దాని దిక్కు చూడకుండ బువ్వ తింట.

నా కోపం గురించి గూడ తప్పు రాసిన. పచ్చ రుమాల్ చూసి రాలె నాకు కోపం. ఖాకీ అంగీ బొమ్మ కింద బాపు అని చూసి వచ్చింది. ఆ బొమ్మ వంతు ప్రకారం నీళ్లిచ్చుకుంట పోతాంటె నాకు దాన్ని పట్టుకొని కొట్టాలనిపించింది.

ఇప్పుడు ఆట ఎట్ల దిద్దాల్నో చెప్త, రాసుకో. ఇద్దరు లష్కర్లు వద్దు. ఒక్కడే ఉండాలె, ఖాకీ అంగీ తొడుక్కున్నోడు. వాని ముంగట జీపు పెట్టు. జీపుల బిడ్డను కూసోబెట్టు, కాలువ చివర బాలనర్సమ్మ పొలం పెట్టు. తూము తిప్పుతవా తిప్పవా అని ఆడేటోణ్ని అడుగు. తిప్పినా తిప్పకున్నా దొంగ అని ఎర్ర అక్షరాలు ఎయ్యకు, ఏమయిందో చూపెట్టు, గంతే. మూడో కానూను కొట్టెయ్యి. బాపు అనే పేరు మాత్రం ఉండనియ్యి, నిన్న కొట్టెయ్యమన్న గని ఉండాలె. గిది ఆ కంపెనోళ్లకు నచ్చుతదో లేదో నాకు తెల్వదు. ఆట అంటె ఏందో నాకు నిన్న దాంక తెల్వలె, గిప్పుడు జర తెలుస్తాంది. నువ్వు చేస్తున్న చదువు చిన్నది కాదు. జూనియర్ ఇంజనీరు సారుకు గిట్ల చెప్పలేను, ఆయనకు నేను వేరే కాయితం ఇయ్యాల్సి ఉంది.

ఆ కాయితం రాసిన. ఆనాడు తూము తిప్పింది నేను, నూరుద్దీన్ కాదు అని. ముందు అమ్రాబాద్ పోయి నూరుద్దీన్‌కు చెప్పి, మల్ల ఆఫీసుల ఇస్త. నాకు రెండేండ్ల నౌకరి మిగిలింది, ఇది ఇచ్చినంక మిగులుతదో లేదో. పింఛను అడుగు అడుగు అని నీకు నీతులు చెప్పిన, ముందుగాల నాదే పోయేటట్టున్నది. నీ ఆటల నౌకరే ఈ ఇంటికి ఆధారమయితదేమో, జర మంచిగ చెయ్యి. మీ అమ్మకు ఇంకా చెప్పలె. సాయంత్రం చెప్త. గిన్నె ఆమెతోటి పంపియ్యను, నేనే తీస్కపోయి షంషాద్‌కు ఇస్త.

ఈ ఆఖరి మాటలు వహీద్ టైపు సెంటర్ల కూసొని రాస్తున్న. వానికి ఇదంత, పైన రాసింది గూడ, మొదటికెళ్లి చదివి వినిపించిన. మామా అని పిలువలె. టైపు మిషన్ మీది గుడ్డ సరిచేసిండు. మల్ల అచ్చంపేట మీదికెళ్లి అమ్రాబాద్ పోయే బస్సు ఎన్ని గంటలకు అని అడిగిండు. రేపు పొద్దుగాల అన్న. నేను గూడ వస్త అన్నడు. కవరు మీద నీ అడ్రసు వాడే రాసి, స్టాంపు వాడే అంటించిండు. నేను రాసుడు ఆపితె తీస్కపోయి డబ్బల ఏస్తనని గుమ్మం కాడ నిలబడ్డడు.